ఎనిమిదో ఆజ్ఞలో రెండో సగం

పది ఆజ్ఞలు ముందు పెట్టుకుని నన్ను నేను పరీక్షించుకునేటప్పుడు చాలాకాలం ధైర్యంగానే ఉండేవాణ్ణి. నరహత్య చేయలేదు, దొంగతనం ఎరగను, బోనెక్కి ఎవరి మీదా అబద్ధ సాక్ష్యం చెప్పలేదు. ప్రభు రాత్రి భోజనానికి ముందు చేసే పాపపు ఒప్పుకోలులో అందరితో గొంతు కలిపేవాణ్ణే గాని, ఇదిగో ఇది నా పాపం అని వేలు పెట్టి చూపించగలిగింది ఏదీ కనబడేది కాదు.

ఆ ధైర్యం పోగొట్టింది సంఘ సంస్కర్త లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి. గుంటూరు వైపు లూథరన్ ఇళ్లలో పుట్టిన నాలాంటివాళ్లం దాన్ని చిన్నప్పుడే బట్టీ పట్టాం. 1528లో సాక్సనీ పల్లెల్లోని సంఘాలను చూడబోయిన లూథర్‌కు, జనానికే కాదు, కొందరు పాదిర్లకు సైతం ఆజ్ఞలు రావని తెలిసింది. మరుసటి ఏడే ఈ ప్రశ్నోత్తరి రాశాడు. ఆజ్ఞ 'వద్దు' అని ఆగినచోట అందులోని వివరణ ఆగదు. చంపవద్దు అన్నచోట, పొరుగువాడి ఒంటికి ఏ కష్టమొచ్చినా ఆదుకోమంటుంది. దొంగిలవద్దు అన్నచోట, అతని ఆస్తీ బతుకుతెరువూ బాగుపడేలా చూడమంటుంది. అబద్ధ సాక్ష్యం మాకు ఎనిమిదో ఆజ్ఞ, బాప్తిస్టులకు తొమ్మిదోది. అక్కడ అబద్ధమాడకపోవడం చాలదు. పొరుగువాడి పక్షాన మాట్లాడాలి, అతని మంచి చెప్పాలి, అతను చేసినదానికి వీలైనంత మంచి అర్థమే తీయాలి.

నేను దొరికిపోయింది ఇక్కడే. ఆరాధన అయ్యాక గుడి వరండాలో నలుగురం నిలబడతాం. ఎవరి పేరో వస్తుంది. సంఘ పెద్దల ఎన్నికల ముందైతే మరీను. కానుకల లెక్కలు, కూతురి పెళ్లి, వాళ్లు ఏ పేట నుంచి వచ్చారన్నది, అన్నీ వస్తాయి. నేను ఒక్క మాటా అనను, వింటాను. ఆ మనిషి ఎవరి ఆస్పత్రి ఖర్చు చెప్పకుండా కట్టాడో నాకు తెలుసు. అది మాత్రం నోటికి రాదు. భయంవల్ల కాదు. అతను కాస్త తగ్గితే నేను కాస్త పెరిగినట్టు ఉంటుంది. ఆ రుచి నాకు తెలుసు.

మంచి అర్థం తీయడమంటే అన్యాయాన్ని కప్పిపెట్టడం కాదు. కొట్టిన భర్త పరువు కోసం దెబ్బ తిన్న భార్య నోరు మూయించడానికి ఈ ఆజ్ఞను వాడేవాళ్లున్నారు. అది ఆమె మీద పలికే అబద్ధ సాక్ష్యం.

నన్ను ఇంకా కలవరపెట్టేది లూథరే. ఆ వివరణ రాసిన చెయ్యే 1543లో యూదుల మీద పుస్తకం రాసింది. వాళ్ల సమాజమందిరాలు తగలబెట్టమని, ఇళ్లు కూల్చమని పాలకులకు చెప్పింది. తర్వాత నాజీలు దాన్ని వాడుకున్నారు. 1994లో అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఆ రాతలను బహిరంగంగా తిరస్కరించింది. అంత చక్కగా ఆజ్ఞను విడమరిచినవాడు కొందరిని పొరుగువాళ్ల లెక్కలోంచి తీసేయగలిగాడు. అలాంటప్పుడు నేను ఎవరిని తీసేశాను? వేరే మతంవాళ్ల గురించి, వేరే సంఘాల గురించి ఫోనులోకి వచ్చే సందేశాలను నిజమో కాదో చూడకుండానే నమ్మేస్తాను. మా గురించి అలాంటిదే ఎవరైనా పంపితే రాత్రంతా బాధపడతాను. యేసు చెప్పిన కథలో పొరుగువాడనిపించుకున్నది యూదులు దగ్గరికి రానివ్వని సమరయుడు. ఆ కథను నేను ఎన్నోసార్లు ఇతరులకు చెప్పాను.

సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు ప్రభువు. నా మౌనంవల్ల నష్టపోయినవాళ్లకు ఆ సంగతే తెలియదు. వెళ్లి చెబితే కొత్త గాయం చేసినట్టవుతుంది. అందుకే నాకు మిగిలిన దారి, ఆ వరండాలో, ఆ నలుగురి ముందే నోరు విప్పడం. ఇలా నిలబడి వినేవాళ్లలో మీరూ ఉంటే, ఆ మనిషి గురించి మీకు తెలిసిన మంచి మాట అక్కడే, అప్పుడే చెప్పండి.