విచారణ ఎవరి ముంగిట?

1957 జనవరిలో జపాన్‌లోని గున్మా ప్రాంతంలో, సైనిక శిక్షణ మైదానంలో ఖాళీ తూటాలు ఏరుకుంటున్న ఒక గృహిణి అమెరికన్ సైనికుడి చేతిలో చనిపోయింది. అతను గ్రెనేడ్ లాంచర్‌లో ఖాళీ తూటా గుల్ల పెట్టి ఆమె వైపు పేల్చాడు. డ్యూటీలో ఉన్నవాణ్ణి తామే విచారిస్తామని సైన్యం మొదట పట్టుబట్టింది. అమెరికా సుప్రీంకోర్టు అప్పగింతకు అడ్డులేదన్నాక, మాయెబాషి జిల్లా కోర్టు మూడేళ్ల శిక్ష వేసి దాని అమలును నిలిపివేసింది. ఈమాత్రం శిక్షకు విచారణ ఎవరు జరిపితేనేం అనిపించవచ్చు. విచారణను శిక్షకు తొలిమెట్టుగా మాత్రమే చూస్తే అది నిజమే. కానీ తప్పుచేసినవాడు నష్టపోయినవాళ్లకు జవాబు చెప్పుకునే చోటు కూడా అదే. మహాభారతంలో చేయని దొంగతనానికి కొరత వేయించుకున్న మాండవ్య ముని, యముణ్ణే వెళ్లి నిలదీస్తాడు. ధర్మాధికారి అంతటివాడు సంజాయిషీ ఇచ్చుకుని, శాపం మోసి, విదురుడై పుట్టాల్సి వచ్చింది.

1951 నాటి నాటో ఒప్పందం ప్రకారం డ్యూటీలో జరిగిన నేరాల మీద మొదటి హక్కు సైన్యాన్ని పంపిన దేశానిది. అందుకే 1998లో ఇటలీలోని కవలేజె దగ్గర అమెరికన్ యుద్ధ విమానం కిందికి దిగి రోప్‌వే తీగను తెంపి 20 మందిని పొట్టనబెట్టుకుంటే, పైలట్ విచారణ నార్త్ కరోలినాలో జరిగింది. ఆ మరణాల అభియోగం నుంచి అతను బయటపడ్డాడు. 2002లో దక్షిణ కొరియాలో ఇద్దరు బడిపిల్లలు సైనిక వాహనం కింద నలిగిపోయినప్పుడు అమెరికా సైనిక కోర్టు కొరియా గడ్డమీదే కూర్చుంది. అయినా నిందితులిద్దరూ నిర్దోషులన్న తీర్పు రాగానే జనం కొవ్వొత్తులతో వీధుల్లోకి వచ్చారు. తీర్పులు చట్టానికి లోబడే ఉండవచ్చు. విన్నవాళ్లు మాత్రం నిందితుల యూనిఫాం వేసుకున్నవాళ్లే.

సైనికుడు తన ఇష్టంతో ఆ దేశానికి రాలేదు, పరాయి కోర్టు పగతో చూస్తుంది అంటారు. కానీ నిందితుడికి దుబాసీని, లాయర్‌ను ఇవ్వాలని ఆ నాటో ఒప్పందమే చెబుతోంది. మాయెబాషి తీర్పులో పగ జాడ లేదు. ప్రభుత్వం తరఫున చేసిన పనికి వ్యక్తిని దోషిని చేయకూడదన్న అభ్యంతరం ఇంకా బలమైనది. సగం ఒప్పుకుంటాను. అయితే ఫలానా పని డ్యూటీయే అని తేల్చే అధికారం నిందితుడి పై అధికారి చేతిలోనే ఉంటే ఆ మినహాయింపుకు హద్దేముంది?

2012లో ఇటలీ నావికాదళ సైనికులు ఇద్దరు జాలర్లను కాల్చి చంపితే, కేరళ తీరానికి చేరువలో జరిగింది కాబట్టి ఇక్కడే విచారించాలని పట్టుబట్టాం. ఆ సైనికులకు మన కోర్టుల విచారణ నుంచి రక్షణ ఉందని 2020లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ తేల్చింది. 10 కోట్ల రూపాయల పరిహారంతో 2021లో మన సుప్రీంకోర్టు కేసు ముగించింది. మన కోపం న్యాయమైనదే. కానీ ఐక్యరాజ్యసమితి శాంతిసేనల్లో వెళ్లే మన జవాన్ల నేరాల మీద విచారణాధికారం మనదొక్కటే. కాంగోలో ఒక పల్లెవాసికి వాళ్ల చేతిలో అన్యాయం జరిగితే అతను ఢిల్లీ వైపు చూడాల్సిందే. జాలర్ల విషయంలో మన వాదన నిజాయితీతో చేసిందే అయితే, ఈ నియమాన్ని సడలించమని ముందుగా అడగాల్సింది మనమే.