యాభై రెండులోంచి ఇరవై ఏడు తీస్తే

టీచర్ని కొలవడం కుదరదని మావాళ్లు అంటూంటారు. యూనియన్ మీటింగుల్లో ఆ మాటకి చప్పట్లు కూడా పడతాయి. నాకు మాత్రం మింగుడు పడదు. ఫలానా మేస్టారు బాగా చెప్తారు, ఫలానాయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటారు అని కొత్తపేట నుంచి రాజోలు దాకా ఏ ఊళ్లో అడిగినా ఇట్టే చెప్పేస్తారు. స్టాఫ్‌రూములో మాకూ తెలుసు, పైకి అనం, అంతే. కొలవచ్చు. గొడవంతా దేంతో కొలుస్తున్నారన్న దగ్గరే.

2022 ఆగస్టులో మొహం చూసి హాజరేసే యాప్ వచ్చింది. తొమ్మిదింటికల్లా బళ్లో నిలబడి, మన ఫోన్లో మన మొహం మనమే చూపించుకోవాలి. ఆగస్టంటే గోదారికి వరదల కాలం. బూరుగులంక రేవు దాటి లంకల్లోకి వెళ్లేవాళ్లకి పడవే దిక్కు, పడవేమో నీటిని బట్టి నడుస్తుంది గానీ గడియారాన్ని బట్టి కాదు. చిరాకు పడ్డాం, తిట్టుకున్నాం. అయినా ఆ యాప్ ఊరికే పుట్టలేదని ఒప్పుకోవాలి. 2003లో పరిశోధకులు చెప్పాపెట్టకుండా దేశంలో రకరకాల రాష్ట్రాల బళ్లకి వెళ్లి చూస్తే, సర్కారు టీచర్లలో నలుగురికి ఒకరు ఆ పూట బళ్లో లేరు. అనుమానం మనమే తెచ్చిపెట్టుకున్నాం.

అయితే బళ్లో ఉండటం వేరు, చెప్పడం వేరు. ఈ తేడా బాగా బయటపడింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బళ్లలోనే. 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ చేయి కలిపాయి. మొత్తం 300 ప్రాథమిక పాఠశాలలు. పిల్లలు మెరుగుపడితే ఒక వంద బళ్లలో ఏ టీచరుకి ఆ టీచరుకే బోనస్, ఇంకో వంద బళ్లలో అందరికీ కలిపి పంచే బోనస్, మిగతా వందలో ఏమీ లేదు. బోనస్ కూడా పెద్దదేం కాదు, సగటున ఏడాది జీతంలో 3 శాతం చొప్పున అనుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి బోనస్ పెట్టిన బళ్లలో పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ ముందుకెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సులో, సోషల్‌లో కూడా వెళ్లారు.

మావాళ్లకి నచ్చని ఫలితమే ఇది. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం వేరే సంగతి. ఆ బళ్లలో టీచర్ల గైర్హాజరు ఏమీ తగ్గలేదు. వచ్చిన రోజుల్లో చేసే పని మారింది. అదనంగా క్లాసులు చెప్పారు, ఇంటిపని ఇచ్చారు, పరీక్షలు పెట్టి ప్రాక్టీసు చేయించారు. మొహం ఫొటోకి చిక్కనిది సరిగ్గా ఇదే.

ఇంకోటి. ఆ ప్రయోగంలో చూసింది పిల్లాడు ఎక్కడున్నాడని కాదు, మొదట్లో ఉన్న చోటు నుంచి ఎంత దూరం వచ్చాడని. పరీక్ష పెట్టిందీ, దిద్దిందీ బయటివాళ్లు. పిల్లలు మెరుగుపడకపోతే బోనస్ రాదు, అంతే తప్ప మెమో రాదు.

మా బళ్లో ఆరో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, వీడు అమ్మమ్మ దగ్గర. మా ప్రాంతంలో ఇలాంటి పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. కొబ్బరికాయల ఒలుపు జరిగే రాశుల మధ్య పెరిగినవాడు. వెయ్యి కాయలు పదిహేను వేలైతే కాయెంతరా అంటే రెప్పపాటులో పదిహేనన్నాడు. అదే నోట్‌బుక్కులో 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాశాడు. తప్పు అని ఎర్రసిరాతో కొట్టేసి ముందుకెళ్లొచ్చు. కానీ వాడు తోచింది రాయలేదు, వాడి లెక్క వాడికుంది: రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశాడు. కొబ్బరి ఈనెలు పదేసి కట్టలు కట్టి వాడి ముందు పెట్టాను. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వరా అన్నాను. చేతిలోని రెంటినీ చూశాడు, నన్ను చూశాడు, కట్టలకేసి చూశాడు. కట్ట విప్పొచ్చని తోచడానికి వాడికి చాలాసేపు పట్టింది. నేను నోరు మూసుకుని ఉండటానికి అంతకన్నా కష్టపడ్డాను. తరవాత మూడంకెల దాకా రావడానికి కొన్నాళ్లు పట్టింది. ఓ రోజు వాళ్ల అమ్మమ్మ గేటు దగ్గర ఆపి, "ఆయ్, మేస్టారండీ, రాత్రి ఫోన్లో వాళ్లమ్మకి తీసివేతలు చెప్పాడండి" అంది.

అయినా ఆ ఏడాది పరీక్షల్లో వాడికి వచ్చినవి అత్తెసరు మార్కులే. ఆరో తరగతి పేపర్లో భిన్నాలూ దశాంశాలూ ఉంటాయి గానీ రెండంకెల తీసివేత ఎవరడుగుతారు? వాడు రెండో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా నడిచొచ్చాడు, పై అధికారుల పట్టికలో మాత్రం నిలబడ్డ చోటే ఉన్నాడు. వాడితో పాటు నేనూ.

ఇక పదో తరగతి ఉత్తీర్ణత శాతమనే కొలబద్ద. రాష్ట్రంలో 2019లో 94.88. కరోనా వల్ల రెండేళ్లు పరీక్షల్లేక అందర్నీ పాస్ చేశారు. 2022లో 67.26. మూడేళ్లలో రాష్ట్రంలో టీచర్లందరి పనితనమూ ఒక్కసారిగా అంత పడిపోయిందా? పడిపోతే 2024లో 86.69కి ఎలా లేచింది? బళ్లు మూతపడ్డాయి, ఇరవై ఇంటర్నల్ మార్కులు తీసేశారు, పేపర్లు తగ్గించారు. అంకె వెనకాల ఇవన్నీ ఉన్నాయి. పిల్లలు ఫెయిలైతే సంజాయిషీ మాత్రం టీచరే రాయాలి. ఆ 2022లోనే ప్రశ్నపత్రాలు ఫోన్లలో బయటికొచ్చి టీచర్లు కూడా అరెస్టయ్యారు. వాళ్లని వెనకేసుకు రాను. కానీ అంకెకి మెమో ముడిపెడితే అంకెని నమ్మడానికుండదు. ఇంగ్లండులో 1862లోనే పిల్లలు పాసైన లెక్కన బడికి డబ్బిచ్చే పద్ధతి పెట్టారు. పిల్లలు వాచకం మొత్తం బట్టీ పట్టేశారు, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా గడగడా చదివేవారట!

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పుతో పాత టీచర్లు కూడా టెట్ అనే అర్హత పరీక్ష రాయాల్సి వచ్చింది, రిటైర్మెంటు ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు తప్ప. మనవలున్న మేస్టార్లు గైడ్లు ముందేసుక్కూర్చున్నారు. రాయమనండి, నాకేం అభ్యంతరం లేదు. 52లోంచి 27 తీస్తే ఎంతని అడగద్దు. పిల్లాడు 35 అని రాశాడు, ఎందుకు రాశాడని అడగండి. అప్పుడు ఎవరెవరు టీచర్లో తేలుతుంది.

తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టర్లు చూస్తారు, కోడిగుడ్ల లెక్క చూస్తారు, మరుగుదొడ్లు చూస్తారు. చూడాల్సినవే. క్లాసులో వెనక బెంచీ మీద ఒక పీరియడ్ ఆసాంతం కూర్చునే తీరికే వాళ్లకి దొరకదు. నేనడిగేది పెద్ద కోరికేం కాదు. జూన్‌లో వచ్చి ఓ పది మంది పిల్లల్ని తీసుకుని ఎవరికి ఏ మేరకు వచ్చో రాసుకోండి. ఏప్రిల్‌లో మళ్లీ అదే పిల్లల్ని అడగండి. తేడా లేకపోతే నన్ను నిలదీయండి. అప్పుడు నేను వాళ్లమ్మ కువైట్‌లో ఉందండీ అంటే ఊరుకోకండి. జూన్‌లోనూ ఆవిడ కువైట్‌లోనే ఉంది కదా.