ఔషధదానం: పుణ్యం, పూచీ

జైన ధర్మం ఆహార, అభయ, శాస్త్ర దానాలతో పాటు ఔషధదానాన్ని, అంటే రోగికి మందు సమకూర్చడాన్ని, నాలుగు ప్రధాన దానాలలో ఒకటిగా లెక్కించింది; అయితే దాత సంకల్పం శుద్ధమైనంత మాత్రాన ఆ దానం సఫలమవుతుందా అన్న ప్రశ్న ఎప్పటికీ తప్పదు. చెంగల్పట్టు ప్రాంతపు తిరుముక్కూడల్ ఆలయంలోని 11వ శతాబ్దపు వీరరాజేంద్ర చోళుని శాసనం ఈ ప్రశ్నకు ఆచరణలో జవాబు చూపింది. ఆలయానికి అనుబంధంగా 15 పడకలతో నడిచిన ఆతురశాలకు, అంటే వైద్యశాలకు, వైద్యుణ్ణి, శస్త్రచికిత్సకుణ్ణి, పరిచారికలను ఏర్పాటు చేసిన ఆ శాసనం, మూలికలు, కట్టెలు తెచ్చి మందు కాచే ఇద్దరికి వేరుగా భృతి నిర్ణయించి, నిల్వ ఉంచవలసిన వాసాహరీతకి, దశమూలహరీతకి వంటి మందులను పేరుపేరునా చెక్కించింది. దైవకార్యమని తలచిన చోట సైతం మందును కేవలం భక్తికి వదలక, జాబితాకూ బాధ్యుడైన మనిషికీ అప్పగించడం నిజంగా గొప్ప వివేకం.

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగింటిని చికిత్సకు పాదాలుగా చెప్పిన చరక సంహిత, గుణం తెలియని మందును విషంతో పోల్చి హెచ్చరించింది. వైద్యుడు తన రోగులకు స్వయంగా ఇచ్చేది మినహా, చీటీపై మందు కలిపి ఇచ్చే పనిని నమోదైన ఫార్మసిస్టుకే పరిమితం చేసిన 1948 నాటి ఫార్మసీ చట్టంలోనూ ఈ నీతే ఉంది. కనుక గడువు తీరిన మాత్రలను ఎంత కరుణతో పంచినా, అది ఔషధదానం అనిపించుకోదు.