చేవ్రాత ఎవరిది?

(ధ్యానభాగములు: రోమా 16:22, 2 థెస్సలొనీక 3:17, ఫిలేమోను 18, 19)



రోమా పత్రికను మనము పౌలు పత్రిక అని పిలుచుచున్నాము. అయితే దానిని కలముతో వ్రాసిన చేయి పౌలుది కాదు. 16వ అధ్యాయము 22వ వచనములో తెర్తియు అను సహోదరుడు, తానే ఆ పత్రికను వ్రాసినట్లు చెప్పుకొని, ప్రభువునందు సంఘమునకు వందనములు పంపుచున్నాడు. పౌలు చెప్పుచుండగా తెర్తియు వ్రాసెను. వ్రాతపనిలో సహాయము తీసికొనుట అపొస్తలునికి సిగ్గుగా తోచలేదు. ఆ సహాయకుని పేరు దాచవలెననియు అతడు తలంచలేదు.

అయితే ఆ పౌలే థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక చివర కలమును తన చేతికి తీసికొనుచున్నాడు. తన చేవ్రాతయే తన పత్రికలన్నిటికి గురుతు అని వారికి తెలియజేయుచున్నాడు. తన పేరు పెట్టుకొని వచ్చిన పత్రిక చేత వారు కలవరపడుదురేమో అను చింత అతనికుండెనని ఆ పత్రిక 2వ అధ్యాయము 2వ వచనమువలన గ్రహింపగలము. కనుక వ్రాసిన చేయి ఎవరిదైనను, ఆ మాటలకు బాధ్యుడై నిలువబడు మనుష్యుడొకడు ఉండవలెను. ఈ నెల మనము ధ్యానించు సంగతి ఇదియే.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకనగా, మన పనిపాటులలోనికి క్రొత్త వ్రాయసకాడొకడు వచ్చియున్నాడు. అతడు మనుష్యుడు కాడు, యంత్రము. దానిని కృత్రిమ మేధ అనియు, ఏఐ అనియు పిలుచుచున్నారు. 2022 నవంబరు 30న అమెరికాలోని ఓపెన్ ఏఐ సంస్థ చాట్ జీపీటీని విడుదల చేసెను. పీఎం కిసాన్ సొమ్మును గూర్చి రైతులడుగు ప్రశ్నలకు బదులు చెప్పుటకు కేంద్ర ప్రభుత్వము 2023లో కిసాన్ ఈ-మిత్ర అను సహాయకుని ఏర్పరచెను. 2024లో మన దేశములో వాట్సాప్‌లోనే మెటా ఏఐ చేరెను. నేడు బడిపంతులు ప్రశ్నపత్రము కొరకు, సచివాలయ ఉద్యోగి నివేదిక కొరకు, దుకాణదారుడు సరుకుల లేఖ కొరకు దీని సహాయము కోరుచున్నారు. హైదరాబాదులోను, బెంగళూరులోను కొలువులు చేయుచున్న మన బిడ్డలకు ఇది దినచర్య అయినది.

దీనిని వాడుట పాపమా అని కొందరు విశ్వాసులు అడుగుచున్నారు. పాపము కాదని మేము చెప్పుచున్నాము. మన తాతలు తాలూకా కచేరీ యెదుట కూర్చుండు అర్జీల వ్రాయసకాని యొద్దకు పోలేదా? వారికి చదువు లేకపోయినను వివేకముండెను. వ్రాసినదంతయు పైకి చదివి వినిపించుమని అడుగుదురు. తప్పున్నయెడల దిద్దించుదురు. విని, ఒప్పుకొని, ఆ తరువాతనే వేలిముద్ర వేయుదురు. అక్షరములు వ్రాయసకానివి, వేలిముద్ర తమది. పొలము పోయినను నిలిచినను ఆ వేలిముద్రవలననే అని వారెరుగుదురు. చదువుకొన్న మనము ఈ యంత్రము వ్రాసినదానిని చదువకయే సంతకము చేసినయెడల, చదువురాని మన తాతలకంటె మనము వెనుకబడినవారము కామా?

ఈ యంత్రము పనిచేయు రీతిని కొంచెము తెలిసికొనుట మేలు. మనుష్యులు వ్రాసిన అపారమైన వ్రాతలను దానికి చూపి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో ఊహించునట్లు దానిని తీర్చిదిద్దిరి. అందువలన దాని మాట చక్కగా కూర్చబడి యుండును. అయితే చక్కని మాట అంతయు నిజమైన మాట కాదు. తెలియని చోట తెలియదని చెప్పుటకు మారుగా, తెలిసినట్లే ధైర్యముగా కల్పించి చెప్పుట దానికి కలదు. ఇంగ్లీషు వ్రాతలతో పోల్చగా తెలుగు వ్రాతలు అది చూచినవి బహు కొద్ది. కనుక మన భాషలో మరి జాగ్రత్త అవసరము.

2023లో న్యూయార్కులో జరిగిన సంగతి వినుడి. ఇద్దరు న్యాయవాదులు ఒక దావాలో చాట్ జీపీటీ ఇచ్చిన పూర్వపు తీర్పులను కోర్టుకు సమర్పించిరి. వెదకి చూడగా అట్టి తీర్పులు ఎక్కడను లేవు, యంత్రము కల్పించినవే. వారిలో ఒకడు ఆ తీర్పులు నిజమేనా అని తిరిగి ఆ యంత్రమునే అడిగెను. నిజమే అని అది బదులిచ్చెను! ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద సంగతి స్థిరపడవలెనని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము నేర్పుచుండగా, ఒకే సాక్షిని రెండుమారులు అడుగుట ఇద్దరు సాక్షులగునా? ఆ సంవత్సరము జూన్ నెలలో న్యాయాధిపతి వారికి 5,000 డాలర్ల జరిమానా విధించెను. యంత్రమునకు కాదు, సంతకము చేసినవారికి.

మరియొక సంగతి కెనడా దేశములోనిది. 2022లో ఒక మనుష్యుడు తన అవ్వ మరణింపగా విమానములో పోవలసి వచ్చెను. ఎయిర్ కెనడా సంస్థవారి వెబ్‌సైటులో బదులు చెప్పు యంత్రము, మరణ సందర్భములో ఇచ్చు తగ్గింపును ప్రయాణము తరువాతనైనను కోరవచ్చునని అతనికి చెప్పెను. ఆ మాట నమ్మి అతడు టిక్కెట్టు కొనెను. తరువాత సంస్థవారు ఆ తగ్గింపు ఇయ్యమనిరి. విచారణలో వారు చేసిన వాదములలో ఒకటి ఏమనగా, ఆ యంత్రము తన పనులకు తానే బాధ్యురాలు అని! 2024 ఫిబ్రవరిలో అక్కడి న్యాయమండలి ఆ వాదమును త్రోసివేసి, అతనికి నష్టపరిహారము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను.

ప్రియులారా, ఈ వాదము మనకు క్రొత్తది కాదు. ఏదెను తోటలో ఆదాము తన తప్పును స్త్రీమీద మోపెను. స్త్రీ సర్పముమీద మోపెను. నేడు యంత్రము చెప్పినదనుటయు ఆ పాత పాటయే. దోషము మోయుటకు వేరొకరిని వెదకుట పడిపోయిన మనుష్యుని మొదటి అలవాటు. ఈ క్రొత్త పనిముట్టు ఆ అలవాటునకు మరియొక సాకు ఇచ్చుచున్నది, అందుననే అపాయమున్నది.

కావున మూడు సంగతులు మేము మీకు జ్ఞాపకము చేయుచున్నాము.

మొదటిది, చదువకుండ మీ పేరు పెట్టకుడి. విధవరాలి పింఛను అర్జీలో ఒక అంకె తప్పినయెడల ఆమె నెలల తరబడి కచేరీ చుట్టు తిరుగవలెను. పంటకు కొట్టు మందు పాలు, బిడ్డకు ఇచ్చు మందు మోతాదు యంత్రము చెప్పినదని నమ్మి ఉపయోగింపకుడి. వ్యవసాయాధికారిని, వైద్యుని, నర్సమ్మను అడుగుడి. మందు డబ్బామీద వ్రాసినది చూడుడి. తప్పు వచ్చినప్పుడు యంత్రమునకు కడుపు నొప్పి రాదు. నొప్పి మన బిడ్డదే.

రెండవది, పొరుగువాని రహస్యమును దాని చేతికి అప్పగింపకుడి. రోగి వ్యాధి, కుటుంబ కలహము, ఆధార్ సంఖ్య, బ్యాంకు లెక్క, ఇవి మనలను నమ్మి ఇతరులు అప్పగించినవి. నమ్మకమైనవాడు సంగతి దాచునని సామెతలు 11వ అధ్యాయము 13వ వచనము బోధించుచున్నది. సంఘకాపరులారా, ప్రార్థన కొరకు మీకు చెప్పబడిన కన్నీటి మాటలను యంత్రములో వ్రాయకుడి.

మూడవది, సహాయము పొందినయెడల దాచకుడి. పౌలు తెర్తియును దాచలేదు. పై అధికారి అడిగినప్పుడు, దీని సహాయముతో వ్రాసితిని, నేను సరిచూచితిని అని చెప్పగలవాడు ధన్యుడు. చేయని పనిని చేసితినని చెప్పి కూలి తీసికొనుట, పాత తక్కెడ ఉన్న దినములలోను దొంగతనమే, నేడును దొంగతనమే.

ఒక భేదము మరువకుడి. తెర్తియు ప్రభువునందు వందనము చెప్పగలిగెను, ఎందుకనగా అతడు విమోచింపబడిన సహోదరుడు. యంత్రము వందనమను మాటను వ్రాయగలదు గాని వందనము చేయలేదు. ఆదరణ మాటలు కూర్చగలదు గాని దుఃఖించువారి చాపమీద కూర్చుండలేదు. ఆ పని మనకే మిగిలియున్నది. యంత్రమువలన మిగిలిన గడియలను అట్టి పనికే ఖర్చుచేయుదము.

కడపట ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రికను చూడుడి. పారిపోయిన దాసుడైన ఒనేసిము తన యజమానునికి ఏమైనను అచ్చియున్నయెడల, దానిని తన లెక్కలో వేయుమనియు, తానే తీర్చెదననియు పౌలు స్వహస్తముతో వ్రాసియిచ్చెను. మన యూళ్లలో నోటుమీద జామీను సంతకము చేయుట ఎంత బరువైన పనియో మీరెరుగుదురు. పౌలు ఆ బరువును సంతోషముగా ఎత్తుకొనెను. ఎందుకు? తనకు విరోధముగా నున్న పత్రమును ప్రభువు తుడిచివేసి సిలువకు కొట్టెనని అతడెరుగును (కొలొస్సయి 2:14). తనది కాని అప్పునకు బాధ్యుడై నిలిచిన ప్రభువు మనకుండగా, మన సొంత సంతకమునకు బాధ్యులమై నిలువలేమా? క్షమింపబడినవానికి సాకులు అక్కరలేదు. తప్పైనప్పుడు నాదే అని ఒప్పుకొని దిద్దుకొను ధైర్యము సిలువ యొద్దనే దొరకును.

ప్రార్థన: ప్రభువా, మా చేతికి వచ్చిన పనిముట్టును నమ్మకముగా వాడుకొనుటకు మాకు వివేకమిమ్ము. మా పేరు పెట్టిన ప్రతి మాట నీ యెదుట సత్యమై యుండునట్లు మమ్మును కాపాడుము. మా తప్పులను ఇతరులమీద మోపకుండ, నీ కృపయందు నిలిచి ఒప్పుకొను మనస్సు దయచేయుము. ఆమేన్.