ఉపక్రమానికి ఉన్న హక్కు

ఒక నవల నాలుగు ప్రకరణాలు చదివి, లేదా ఆడియోలో గంటన్నర విని, ఇది బాగుందనో తేలిపోయిందనో అనే అధికారం మనకుందా? పూర్తిగా చదివాక మాట్లాడమని పెద్దలు మందలిస్తారు. ఆ మందలింపులో మర్యాద ఉంది. న్యాయం కూడా ఉందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని అడగడానికి ఖరగ్‌పూర్ మంచి చోటు. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి కూలీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు కుటుంబాలతో సహా వెళ్లి స్థిరపడ్డారు. 1920లలో ఆ కార్మికుల సంఘాన్ని నడిపిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. మథురాకాటి వీధుల్లో ఉత్తరాంధ్ర యాస ఈనాటికీ వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందంటే అది ప్రధానంగా ఈ ఊరి పుణ్యమే. అయితే హోదా వచ్చినంత మాత్రాన అక్షరాలు రావు. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు బడుల్లో చదివిన మూడో తరానికి తెలుగు నోట ఉంది, కంట లేదు. వాళ్లకు తెలుగు నవల దొరకాలంటే చెవి ఒక్కటే దారి. దాసుభాషితం లాంటి యాప్‌లు ఇప్పుడు ఆ దారి వేశాయి. డ్యూటీకి వెళ్తూ కొంత, వస్తూ కొంత, వంట చేస్తూ కొంత వినేవాళ్లకు నవల ఎప్పుడూ నడుస్తున్నదే. పూర్తయ్యాకే మాట్లాడమంటే, ఆచరణలో వాళ్లను అసలు మాట్లాడవద్దనడమే.

మొదలు గొప్పదా, ముగింపు గొప్పదా అన్న తగవు మన శాస్త్రం చాలా గట్టిగా పడింది. ఒక గ్రంథం తాత్పర్యాన్ని పట్టుకోవడానికి మీమాంసకులు చెప్పిన ఆరు గుర్తుల్లో మొదటిది ఉపక్రమోపసంహారాలు, అంటే మొదలూ ముగింపూ. ఆ రెండూ ఒక మాట మీద ఉంటే చిక్కు లేదు. లేకపోతేనే పేచీ. జైమిని సూత్రాల్లో దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. ఒక వేదభాగం మొదట్లో అగ్ని నుంచి ఋగ్వేదం, వాయువు నుంచి యజుర్వేదం, ఆదిత్యుడి నుంచి సామవేదం పుట్టాయన్న కథ వస్తుంది. చివర ఋక్కును బిగ్గరగా, యజుస్సును మెల్లగా, సామాన్ని బిగ్గరగా చెప్పమన్న విధి వస్తుంది. చివరి ఋక్కు అంటే ఛందోబద్ధమైన మంత్రమా, మొత్తం ఋగ్వేదమా? మొదట వేదాల ప్రస్తావన వచ్చింది కాబట్టి వేదమే అని సిద్ధాంతం. వాళ్లు చూపిన కారణం ఇంకా ముఖ్యం. మొదటి మాట వినబడేటప్పటికి దానికి ఎదురు నిలిచేది ఇంకా పుట్టలేదు. వెనక వచ్చే మాట మాత్రం అప్పటికే మనసులో కుదురుకున్న అర్థంతో సర్దుకోవాలి. పదహారో శతాబ్దంలో ఇది మతాల మధ్య యుద్ధమే అయింది. ద్వైతి వ్యాసతీర్థులు ముగింపుకే బలమన్నారు. అద్వైతి అప్పయ్య దీక్షితులు ‘ఉపక్రమ పరాక్రమం’ రాశారు. దానికి జవాబుగా విజయీంద్ర తీర్థులు ‘ఉపసంహార విజయం’ రాశారు. పేర్లు చూస్తేనే పంతం తెలుస్తోంది.

నవల విషయంలో నా ఓటు దీక్షితులకే, కానీ ఒక షరతు మీద. సగంలో కలిగే అభిప్రాయం గ్రంథం మీద తీర్పు కాదు, గ్రంథానికి మనం పెట్టే ఎదురుచూపు. వాక్యంలో ఒక పదం ఇంకో పదం కోసం చూసే చూపును శాస్త్రం ఆకాంక్ష అంది. అది లేకపోతే అసలు వాక్యార్థమే పుట్టదు. రావిశాస్త్రి ‘అల్పజీవి’నే తీసుకోండి. మూడు ప్రకరణాలు విన్న మనిషి ‘ఈ సుబ్బయ్యకి భయం తప్ప ఇంకేటీ లేదు’ అన్నాడనుకుందాం. అది తొందరపాటు కాదు. నవలలో తర్వాత వచ్చేదంతా ఆ మాటకు చెప్పుకునే సమాధానమే. బావమరిదికి సొమ్ము కావాల్సి రావడం, దానికోసం కంట్రాక్టరు గవరయ్యను ఆశ్రయించడం, అక్కడి నుంచి పెరిగే గుబులు, వీటిలో ఏదీ మొదటి అభిప్రాయాన్ని కొట్టేయదు. ఆ భయం ఎంత లోతుదో, దేనికి పనికొస్తుందో, ఎవరికి లాభమో చూపిస్తుంది. మొదట్లో అలా అనుకోని శ్రోతకు చివర అందేది కథ మాత్రమే.

దీనికి వ్యాకరణ తాత్త్వికుడు భర్తృహరి వైపు నుంచి బలమైన ఆక్షేపణ రావచ్చు. అర్థం అఖండమనీ, చివరి ధ్వనితోనే పూర్తిగా వెలుగుతుందనీ, అప్పటివరకూ తెలిసింది అస్పష్టమేననీ ఆయన పక్షం. నిజమే. కానీ అస్పష్టమని ఆయనన్నది ఆ తొలి జ్ఞానాలను పారేయమని కాదు. ఒక్కో ధ్వని ఒక్కో ముద్ర వేస్తేనే చివరి ధ్వనికి వెలిగించే శక్తి వస్తుంది. ముందరి ముద్రలు లేని మనసులో ఆఖరి పేజీ కూడా చీకటే.

ఇంకో ఆక్షేపణ అపరాధ పరిశోధక నవలల నుంచి వస్తుంది. అక్కడ మొదటి అభిప్రాయాన్ని రచయితే బుద్ధిపూర్వకంగా తప్పు దారి పట్టిస్తాడు కదా, తర్వాతిదే నెగ్గాలి కదా? మీమాంసలోనే దీనికీ ఒక న్యాయం ఉంది. జ్యోతిష్టోమంలో ఋత్విక్కులు ఒకరి బట్ట ఒకరు పట్టుకుని వరసగా నడవాలి. ఉద్గాత పట్టు వదిలితే దక్షిణ లేకుండా యాగం ముగించి మళ్లీ చేయాలి. ప్రతిహర్త వదిలితే సర్వస్వం దానం చేయాలి. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వదిలితే తర్వాతి ప్రాయశ్చిత్తానిదే పైచేయి. కానీ పండితులు దీనికి హద్దు కూడా గీశారు. ఆ రెండు ప్రాయశ్చిత్తాలకు ఒకదానితో ఒకటి పని లేదు కాబట్టే తర్వాతిది గెలిచింది. రెండోది మొదటిదాని మీద ఆధారపడే చోట ఈ న్యాయం చెల్లదు. హంతకుడు వంటమనిషి కాదు, వకీలు అని తేలినప్పుడు మనకు కలిగే ఆశ్చర్యం వంటమనిషి మీద మనం పెట్టుకున్న అనుమానం తిని బతుకుతుంది. అనుమానించని పాఠకుడికి ఆశ్చర్యమెక్కడిది?

అసలైన చిక్కు వేరే ఉంది. మీమాంసకుల తర్కమంతా వేదం అపౌరుషేయమన్న నమ్మకం మీద నిలబడింది. అక్కడ పొంతన కుదరకపోతే తప్పు మన అర్థంలోనే ఉంటుంది, గ్రంథంలో ఉండదు. నవల మనిషి రాసింది, పొంతన చెడవచ్చు. దీంతో నా వాదం కూలిపోతుందంటే ఒప్పుకోను, ఇంకా గట్టిపడుతుంది. రచయిత తప్పగలడు కాబట్టే అతను మొదట చేసిన వాగ్దానాన్ని ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. వారపత్రిక సీరియళ్ల కాలంలో ముగింపు చాలాసార్లు రచయితకే తెలియదు. వారం వారం చదివిన మనిషి దగ్గర ఉన్నవన్నీ సగం అభిప్రాయాలే. కథ చివర దారి తప్పిందని పట్టుకోగలిగింది అతనే. అట్ట వేసి పుస్తకంగా వచ్చాక ఒక్క ఊపున చదివినవాడికి ఆ పట్టు అంత సులువుగా దొరకదు.

ఆడియో గురించిన ఆక్షేపణకు మాత్రం సగం తలొగ్గక తప్పదు. శ్రోతకు మొదట తగిలేది రచన కాదు, గొంతు. సుబ్బయ్య మాటల్ని చదివేవాడు వెక్కిరింపుగా పలికితే నవల వెక్కిరింపు అవుతుంది, జాలిగా పలికితే జాలి. కాబట్టి విన్నవాడి తొలి అభిప్రాయంలో ఎంత పాలు రచయితది, ఎంత పాలు చదివినవాడిది అన్నది విడదీసి చెప్పుకోవాలి. కానీ ఇది చెవికి మాత్రమే ఉన్న లోపం కాదు, కన్ను కూడా తన గొంతు తానే తెచ్చుకుంటుంది. పైగా వేదాంతులు శ్రవణమంటే వినడమని ఊరుకోలేదు. సదానందుడి ‘వేదాంతసారం’ ప్రకారం ఆ ఆరు గుర్తులతో తాత్పర్యాన్ని నిర్ణయించుకోవడమే శ్రవణం. అక్షరం రానివాడు వినడంతో సరిపెట్టుకున్నాడని జాలిపడేవాళ్లు ఈ నిర్వచనం ఒకసారి చూడాలి.

ఇక మధ్యలో నోరు విప్పడం గురించి. భాగవతం విన్న పరీక్షిత్తుకు ఉన్నవి ఏడు రోజులు. పూర్తయ్యాక మాట్లాడదామంటే అతనికి ఆ తర్వాత లేదు. రాసక్రీడ కథ వినగానే అతను సూటిగా అడిగాడు: ధర్మం నిలపడానికి పుట్టినవాడు పరభార్యలను ఎలా ముట్టాడు? అది భక్తుడు అడగడానికి వెనకాడే ప్రశ్న, అదీ పన్నెండు స్కంధాల గ్రంథం పదో స్కంధంలో ఉండగా. కథ చెప్తున్న శుకుడు ‘చివరిదాకా విను’ అనలేదు. అక్కడికక్కడే జవాబు చెప్పాడు. ఆ జవాబు అందరినీ ఒప్పించలేదు, వ్యాఖ్యాతలు ఇప్పటికీ దాని చుట్టూ తిరుగుతున్నారు. అయినా ఆ ప్రశ్నను గ్రంథం తన లోపలే ఉంచుకుంది.