‘విల్’ అను చిన్నమాట

ఆంగ్లభాషలో ‘విల్’ అను మాట నోరు ఒకసారి మెదపినంతలో ముగియును. అది కోరికకును చెల్లును, దృఢసంకల్పమునకును చెల్లును. భవిష్యత్తును తెలుపు సహాయక్రియగా నిలుచును. మరణించువాని ఆస్తి ఎవరికి చెందవలెనో నిర్ణయించు పత్రమునకును అదియే పేరు. పూర్వము ఆ క్రియకు ‘కోరుట’యే అర్థము; కోరినది జరుగబోవునను భావమున అది క్రమముగా కాలసూచకమైనది.

తెలుగుభాష ఈ బరువునంతను ఒక్కమాటపై మోపలేదు. కోరికకు ఇచ్ఛ, పట్టుదలకు సంకల్పము కలవు. రేపటి పనికి క్రియారూపమే చాలును. పత్రమునకు మాత్రము ఆంగ్లపదమునే గైకొని, పారసీకపు ‘నామా’ను చేర్చి, ‘వీలునామా’ అని పలికినది. అందు తెలుగు చెవికి తనదైన ‘వీలు’ వినబడుట ఒక వింత.

ఈ మాట బరువును పుదుచ్చేరి రెండు విధముల నెరిగినది. 1910 ఏప్రిల్ 4న అచటికి చేరిన అరవిందులు, 1914లో ఆరంభమైన ‘ఆర్య’ పత్రికయందు వేదార్థమును ఆంగ్లమున వివరించుచు, అగ్నికి విశేషణమైన ‘కవిక్రతు’ శబ్దములోని క్రతువును ‘విల్’ అని గ్రహించిరి. క్రతువనగా యజ్ఞమని లోకప్రసిద్ధి. ఆ స్థలమున సాయణుడు ప్రజ్ఞ యనియు కర్మ యనియు వివరించెను. అరవిందుల అన్వయమున ఎరుకయు చేతయు ఒకటియైన శక్తికి ఆ చిన్నమాట పేరైనది. చూడగలవాని సంకల్పమే సంకల్పము. చూడక కోరినది కోరిక మాత్రమే.

రెండవది రాజకీయము. ప్రజల సమ్మతి లేక భూభాగము నొసగరాదని 1946 నాటి ఫ్రెంచి రాజ్యాంగము విధించినది. 1954 అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రతినిధులు సమావేశమైరి. 170 మంది భారతదేశమున విలీనమగుటకు, 8 మంది అందుకు విరుద్ధముగను మతమిచ్చిరి. నవంబరు 1న పరిపాలన చేతులు మారినది. 1956 మే 28న కుదిరిన ఒడంబడిక 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చినది. గోదావరీతీరమందలి తెలుగు యానామునకును అదియే వర్తించినది.

అందలి పౌరసత్వనిబంధనలు విచారింపదగినవి. ఆ భూభాగమున జన్మించి అచటనే నివసించు ఫ్రెంచి పౌరులు భారతపౌరులగుదురు. వలదనువారు ఆరునెలలలో వ్రాతమూలమున తెలుపవలెను. అచట జన్మించి విదేశములందు నివసించువారు ఫ్రెంచి పౌరులుగనే యుందురు; భారతీయులు కాగోరువారు అదే గడువులో వ్రాసియీయవలెను. ఇద్దరన్నదమ్ముల నూహింపుడు. ఒకడు పుదుచ్చేరిలో, ఒకడు సైగానులో. ఇద్దరును ఏమియు వ్రాయలేదు. ఒకని మౌనము వానిని భారతీయుని గావించినది. రెండవవాని మౌనము వానిని ఫ్రెంచివానిగ నిలిపినది. మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. శాసనము దానిని పూర్ణాంగీకారముగ గ్రహించినది.

శాసనమును తప్పుపట్టుట సులభము కాదు. ప్రతివాని మనస్సు స్థిరపడువరకు రాజ్యము వేచియుండజాలదు. గడువు దాటిన పిమ్మట ప్రతివాడును ఏదో యొక దేశమునకు చెందియే తీరవలెను. దోషము నిబంధనలో లేదు. దాని ఫలితమును ‘వాని విల్’ అని పిలుచుటలో నున్నది. ఆ అన్నదమ్ముల మౌనమున కోరిక యుండెనో లేదో ఎవరికిని తెలియదు. సంకల్పము నిశ్చయముగ కానరాదు. భవిష్యత్తు మాత్రము నిర్ణయమైనది. అంతియే కాదు, వీలునామాయు వ్రాయబడినది. తండ్రి వ్రాసినను మానినను, దాని ఫలము సంతతికి సంక్రమించినది. నేటికిని పుదుచ్చేరిలో ఫ్రాన్సు ఎన్నికలలో ఓటు వేయు కుటుంబములు కలవు. వాటి ప్రక్కయింటనే ఆ హక్కు లేనివారును కలరు.

‘ఇది జనుల విల్’ అని ఎవరైన ఆంగ్లమున ప్రకటించినపుడు ఆ మాట నాలుగర్థములను ఒకేమారు కప్పుకొని వచ్చును. దానిని తెలుగు చేయువాడు ఏదో యొకటి ఎన్నుకొనక తప్పదు: జనులు కోరిరా, నిశ్చయించిరా, లేక జరుగబోవుదానికి తలయొగ్గిరా? ఆ ప్రశ్నకు సమాధానము వెదకువరకు కలమును నిలుపుట అనువాదకుని ధర్మము మాత్రమే కాదు. ఇతరుల పక్షమున మాటలాడు ప్రతివాని ధర్మమును అదియే.