సంచిలోని రెండు తూనికరాళ్లు

అమెరికావారికి బేస్‌బాల్ ఆట మనకు క్రికెట్టు వంటిది. బంతి కంచె దాటిపోవునట్లు కొట్టిన దెబ్బను హోం రన్ అందురు. 1994లో ఆటగాండ్ర సమ్మెవలన ఆ యేటి ఆఖరి పోటీలు ఆగిపోగా జనులు విసిగి దూరమైరి. 1998లో మార్క్ మెగ్వైర్ 70 హోం రన్లు కొట్టి, 1961 నుండి నిలిచియున్న 61 లెక్కను దాటగా మరల గుంపులుగా వచ్చిరి. ఆ వేసవిలోనే అతడు బట్టలు పెట్టుకొను అరలో కండలు పెంచు మందు సీసా యొకటి యుండగా ఒక విలేఖరి చూచి వ్రాసెను. ఒలింపిక్ పోటీలలో నిషిద్ధమైన ఆ మందు అప్పటికి ఈ ఆటలో నిషిద్ధము కాదు. అయినను అనేకులు కోపపడినది ఎవరిమీద? మందు వాడినవానిమీద కాదు, వ్రాసినవానిమీద!

2001లో బ్యారీ బాండ్స్ 73 కొట్టెను. ఇతడు పెడసరపు మనిషి, విలేఖరులతో సరిగా మాటలాడడు. స్టెరాయిడ్లు వాడెనను ఆరోపణ వచ్చినప్పుడు, తెలిసి వాడలేదని చెప్పెను. పరాయి ఊళ్లలో జనులు కేకలువేసి ఎగతాళి చేసిరి. సొంత జట్టు ఊరైన శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రము లేచి చప్పట్లు కొట్టిరి. మనిషి ఒక్కడే, ఆరోపణ ఒక్కటే!

ఈ ఆటలో ఘనులైనవారిని గౌరవించు హాల్ ఆఫ్ ఫేమ్ అను భవనము కూపర్స్‌టౌనులో నున్నది. అందులో చేరుటకు విలేఖరుల ఓట్లు నూటికి 75 కావలెను. 2022లో, వారి ఓటుకు నిలుచు చివరి తరుణమున, బాండ్స్‌కు 66 వచ్చెను. అదే ఎన్నికలో డేవిడ్ ఆర్టిజ్ దాదాపు 78తో గెలిచెను. పేర్లు బయటపెట్టమని చెప్పి 2003లో జరిపిన పరీక్షల పట్టీలో ఇతని పేరును ఉన్నదని 2009లో పత్రికలో వచ్చినది. అయితే ఇతడు నవ్వు మొగమువాడు, అందరికి ఇష్టుడు.

చదువరులారా, ఈ రెండు సంగతులు సరిసమానములని మేము చెప్పము. ఆర్టిజ్‌పై నున్నది ముఖ్యముగా ఆ పట్టీయే. అందులోని ఫలితములు కొన్నిటియందు సందేహమున్నదని ఆట కమీషనరే 2016లో చెప్పెను. బాండ్స్‌పై సాక్ష్యము ఎక్కువ. అయినను ఒక ప్రశ్న మమ్మును విడువదు: బాండ్స్ నవ్వు మొగమువాడై, ఆర్టిజ్ పెడసరపువాడై యుండినయెడల ఆ సాక్ష్యమును అట్లే తూచియుందురా?

ద్వితీయోపదేశకాండములో వర్తకుని సంచిలో రెండు రకముల తూనికరాళ్లు ఉండకూడదను ఆజ్ఞ యున్నది. తూచకముందే, రాళ్లు సంచిలో నుండుటే తప్పు. కొనువాని మొగము చూచిన తరువాత ఏ రాయి తీయవలెనో చేతికే తెలిసిపోవును. మోసము చేయుచున్నానని వర్తకునికి తోచనైన తోచదు.

తప్పినవారికి దండనతో కూడిన పరీక్షలు 2004లో గాని మొదలుకాలేదు. ఆ ఆలస్యమునకు ఆటగాండ్ర సంఘమును కారణమే. అయితే ఆ కాలమంతయు ఆటను ఏలిన కమీషనరు బడ్ సెలిగ్ 2017లో అదే భవనములో గౌరవము పొందెను. ఆయనను ఏ రాతితో తూచిరో!

బాండ్స్‌ను చేర్చవలెనని మేము వాదించుట లేదు. ఆ దినములలో మందు ముట్టక, ముట్టినవానికి తన చోటు పోగొట్టుకొని ఇంటికి వెళ్లిన ఆటగాండ్రును ఉండిరి. 1998లో వారినిగూర్చి అడిగినవారు అరుదు, 2022లోను అరుదే.